48,000 రూపాయల జపనీస్ ప్యాకేజీ కట్టాలా వద్దా: ఒక నరసన్నపేట అమ్మాయి కేసు

2023 దసరా సెలవుల్లో ఒక సాయంత్రం నరసన్నపేట నుంచి తండ్రీకూతుళ్ళు వచ్చారు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మేడ మీద నాదొక చిన్న గది ఉంది. భాషా పరీక్షలకు చదివేవాళ్ళకు పాఠాలు చెప్తాను, విదేశాలకు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఏ పరీక్ష రాయాలో, ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చెప్తాను. అమ్మాయికి 24 ఏళ్ళు, జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా పూర్తి చేసి శ్రీకాకుళంలో ఒక నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీలు చేస్తోంది, జీతం నెలకు 14,000. తండ్రి టైలరు. ఆయన చేతిలో జిప్పు సంచి, అందులో కాగితంలో చుట్టిన గొలుసు, భార్యది. అమ్మాయి ఫోన్ స్క్రీన్ మీద గంటలు, నిమిషాలు, సెకన్లు వెనక్కి పరిగెడుతున్నాయి.

"మేస్టారూ, ఈ రాత్రి పన్నెండు దాటితే ఎనిమిది వేలు పెరిగిపోద్దంట. బ్యాంకుకి వెళ్ళే ముందు ఒకపాలి మిమ్మల్ని అడుగుదామని వచ్చాం. కట్టీమంటారా?"

ఆ ప్యాకేజీ ఇది: ఆన్‌లైన్‌లో ఎన్5 (జపనీస్ భాషా పరీక్షలో అన్నిటికంటే కింది మెట్టు) కోర్సు, ఆరు నెలలు, వారానికి మూడు క్లాసులు, ఒక్కోటి గంట. అసలు ఫీజు 56,000, దసరా ఆఫర్‌లో 48,000. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు, ఇలాంటివి చాలా ఉన్నాయి.

ముందు ఒక మాట చెప్పేశాను. నేను కూడా జపనీస్ పాఠాలు చెప్పి డబ్బు తీసుకునేవాణ్ణే కాబట్టి, వాళ్ళ దగ్గర వద్దని చెప్పి నా దగ్గర చేర్చుకుంటే ఆ సలహాకు విలువ ఉండదు. అందుకని ఏ నిర్ణయం తీసుకున్నా ఈ అమ్మాయిని నా బ్యాచ్‌లో చేర్చుకోనని అప్పుడే అన్నాను. తర్వాత, ఈ రాత్రికి మాత్రం కట్టొద్దన్నాను. ఆఫర్ పోతే ఇంకో పండక్కి ఇంకొకటి వస్తుంది, తాకట్టు పెట్టిన గొలుసు మాత్రం అంత తొందరగా ఇంటికి రాదు. (సంక్రాంతికి అదే 48,000 ఆఫర్ మళ్ళీ వచ్చింది. అమ్మాయే స్క్రీన్‌షాట్ పంపింది.)

ఇలాంటి కేసుల్లో నేను ఫీజు దగ్గర మొదలుపెట్టను, జపనీస్ దేనికోసం అని అడుగుతాను. ఈ అమ్మాయికి జవాబు స్పష్టంగా ఉంది: జపాన్‌లో వృద్ధులను చూసుకునే కేర్ ఉద్యోగం, వాళ్ళ భాషలో కైగో. ఆ దారి పేరు స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా. జపాన్ దాన్ని 2019 ఏప్రిల్‌లో తెచ్చింది, మన దేశంతో ఒప్పందం 2021 జనవరిలో జరిగింది. ఆ వీసాకు భాష వైపు నుంచి కావలసింది రెండింటిలో ఒకటి: జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్5కు పై మెట్టు ఎన్4 పాసవ్వాలి, లేదా జపాన్ ఫౌండేషన్ పెట్టే జేఎఫ్‌టీ బేసిక్ పరీక్షలో 250కి 200 తెచ్చుకోవాలి. కేర్ పనికి ఇవి కాక ఇంకో రెండు ఉంటాయి, 45 ప్రశ్నల స్కిల్ టెస్టు, 15 ప్రశ్నల కైగో భాషా టెస్టు. ఎన్5 ఈ లెక్కలో ఎక్కడా లేదు.

ఇది విన్నాక అమ్మాయి మొహం చూడలేకపోయాను. ఎన్5 పాసైతే ఇంటర్వ్యూలు మొదలవుతాయని ఫోన్లో చెప్పారట. వెంటనే వాళ్ళకే ఫోన్ చేయించాను, ఎన్4 కోర్సు వేరే, దానికి 55,000 అన్నారు. అంటే మొత్తం 1,03,000, ఏడాది పైన. కోర్సు చివర ఇచ్చే సర్టిఫికెట్ సంగతీ అడిగించాను. ఈ వీసా దారిలో క్లాసు సర్టిఫికెట్‌కు విలువ లేదు, పరీక్ష రిజల్టే చూస్తారు. ఈ ఒక్క సంగతి తెలియక తాకట్టు పెట్టుకున్న ఇళ్ళు మా జిల్లాలో నాకు తెలిసినవే కొన్ని ఉన్నాయి. ఉద్దానం వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో ఏజెంట్ల కథలు అందరికీ తెలుసు, కానీ చదువు పేరుతో అడిగేసరికి ఎవరికీ అనుమానం రాదు.

అంతమాత్రాన ఆ క్లాసు పనికిరాదని తేల్చెయ్యడం న్యాయం కాదు. రెండు రోజులకు అమ్మాయికి ఉచిత డెమో క్లాసు ఉంది, నా గదిలోనే కూర్చుని చేరమన్నాను. నేను పక్కన నోటుబుక్కు, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. టీచరు మంచివారు, ఉచ్చారణ శుభ్రంగా ఉంది, అందులో వంక పెట్టను. జూమ్‌లో 24 మంది. అమ్మాయి మూడుసార్లు నోరు తెరిచింది: పేరు చెప్పింది, ఒకసారి "హై" (అవును) అంది, ఒక వాక్యం చదివింది. అన్నీ కలిపి 41 సెకన్లు. చదివిన వాక్యంలో ఒక దీర్ఘాన్ని మింగేసింది, టీచరు గమనించేలోపు ఇంకొకరి వంతు వచ్చేసింది.

తర్వాత లెక్క వేశాం, ఆమె చేతే వేయించాను. గంటలో టీచరు చెప్పేది 40 నిమిషాలు పోతే మిగిలేది 20 నిమిషాలు, అంటే 1,200 సెకన్లు. 24 మందికి పంచితే మనిషికి 50 సెకన్లు. ఆరు నెలల్లో 72 క్లాసులు, మొత్తం 3,600 సెకన్లు. సరిగ్గా గంట. 48,000 రూపాయలకు ఆమె మాట్లాడబోయేది ఒక్క గంట. తండ్రి ఆ కాగితం రెండుసార్లు తీసి చూసుకున్నారు. కొలత తప్పితే బట్టంతా పోతుందని తెలిసిన మనిషి, ఈ లెక్క ఆయనకు నేను వివరించాల్సిన పని లేకపోయింది.

మరి మిగతా 71 గంటలకు విలువ లేదా అంటే, ఉంది, కానీ అందులో చాలా భాగం డబ్బు లేకుండానే దొరుకుతుంది. జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ఇరోదొరి పుస్తకాలు పీడీఎఫ్‌లుగా, ఆడియోతో సహా ఉచితం, పైగా అవి జపాన్‌కు పనికి వెళ్ళేవాళ్ళ కోసమే రాసినవి. వాళ్ళదే మినాతో అనే వెబ్‌సైట్‌లో ఉచిత కోర్సులున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లో అంకి అనే, మాటలు గుర్తుపెట్టుకునే కార్డుల యాప్‌కు పైసా కట్టక్కర్లేదు. జపనీస్ లిపుల్లో హిరగానా 46 అక్షరాలు, కతకానా 46, వీటిని ఎవరో గంటకింత తీసుకుని నేర్పించాల్సిన అవసరం లేదు. రోజుకు ఐదు అక్షరాలు దిద్దుకుంటే మూడు వారాల్లో వచ్చేస్తాయి. మన 56 అక్షరాలూ గుణింతాలూ ఒత్తులూ చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్ళం మనం.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలా క్లాసుల్లో తెలుగు పిల్లల డబ్బు వృథా అయ్యేది ఈ చోటే. జపనీస్‌ను ఇంగ్లిష్ ద్వారా చెప్తారు. ఇంగ్లిష్‌వాళ్ళకు క్రియ చివర్న రావడం వింత, విభక్తి పదం వెనకాల రావడం వింత, అందుకని రెండు వారాలు దానికే పోతాయి. మనకు అందులో వింతేముంది? ఆమెను ఒక తెలుగు వాక్యం చెప్పమన్నాను. "ఆమదాలవలస నుంచి చెన్నైకి రైల్లో వెళ్తాను" అంది. కాగితం మీద కింద జపనీస్ రాశాను: "ఆమదాలవలస కరా చెన్నై ని దెన్షా దె ఇకిమాసు." "నుంచి" కింద కరా, "కి" కింద ని, "లో" కింద దె, "వెళ్తాను" కింద ఇకిమాసు. ఒక్క మాట కూడా చోటు మారలేదు. "తబెతె" అంటే తిని, "మిమాసు" అంటే చూస్తాను, "తబెతె మిమాసు" అంటే తిని చూస్తాను, రుచి చూడ్డం అనే అర్థంతో సహా మనలాగే. "అని" అనే మాటకు వాళ్ళకు "తొ" ఉంది. చుక్క, చుట్టం అన్నప్పుడు మనం పలికే చ ఉంది చూడండి, ఇంచుమించు అదే వాళ్ళ "త్సు". హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు అర్థాన్ని మారుస్తాయని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు: ఒబసన్ అంటే పిన్ని వరస, ఒబాసన్ అంటే మామ్మ, కితె అంటే వచ్చి, కిత్తె అంటే కోసి. అమ్మాయి ఆ కాగితం పట్టుకుని, "ఇదేటి మేస్టారూ, ఇది మన భాషలాగే ఉంది" అంది. ఆ సాయంత్రం ఆమెకు వచ్చిన ధైర్యానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

మనకు కలిసిరానివీ ఉన్నాయి. కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, మనకు పూర్తిగా కొత్త. ఎన్4కు సుమారు 300 కంజీలు, 1,500 మాటలు కావాలి. పాత జేఎల్‌పీటీ రోజుల్లో, అంటే 2010కి ముందు, ఈ స్థాయికి దాదాపు 300 గంటల చదువు అని లెక్క చెప్పేవారు. నా అనుభవంలో ఆ లెక్క ఇప్పటికీ నిలుస్తుంది. అందులో క్లాసు 72 గంటలైనా, 40 గంటలైనా, మిగతాదంతా ఇంట్లో ఒంటరిగా కూర్చుని చేసేదే. డబ్బు పెట్టి ఆ గంటలను ఎవరూ కొనలేరు. డబ్బుతో కొనగలిగేది, కొని తీరాల్సింది, మన మాట విని అక్కడికక్కడే తప్పు పట్టుకునే మనిషిని.

దాన్ని బట్టే ప్లాన్ వేశాం. మొదటి ఆరు వారాలు రూపాయి ఖర్చు పెట్టకూడదు: రెండు లిపులూ, ఇరోదొరి మొదటి పాఠాలు. ఆ ఆరు వారాలూ నిలబడితేనే డబ్బు తియ్యాలి, నిలబడకపోతే 48,000 మిగిలినట్టే. తర్వాత వారానికి ఒక క్లాసు, 45 నిమిషాలు, ఒక్కరికే, క్లాసుకు 600. జపాన్‌లో కొన్నేళ్ళు ఉండి వచ్చిన ఒక టీచరమ్మ దగ్గర కుదిర్చాను. ముందే కట్టక్కర్లేదు, నెలాఖరుకు చెప్పినన్ని క్లాసులకే. నేను అడిగిన షరతు ఒక్కటే: 45లో కనీసం 20 నిమిషాలు అమ్మాయి మాట్లాడాలి, వ్యాకరణం ఆమె ఇంట్లో చదువుకుని రావాలి.

ఆరు వారాలు బాగా నడిచాయి. కతకానాలో షి, త్సు రెండూ ఒకేలా కనబడి ఏడిపించాయి. చిన్న గీతలు ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి పేర్చినట్టుంటే షి, పైన పక్కపక్కన వేలాడినట్టుంటే త్సు అని తండ్రి సుద్దముక్కతో కుట్టుబల్ల మీద రాసి పెట్టారట. డిసెంబర్ మధ్యలో టీచరమ్మతో మొదలైంది, మార్చి మొదటికి 12 క్లాసులు అయ్యాయి.

అప్పుడు తెగింది. నర్సింగ్ హోమ్‌లో ఇద్దరు మానేశారు, ఈమెకు వరసగా నైట్లు పడ్డాయి. పగలు పడుకుంటే సాయంత్రం లేస్తుంది, లేస్తే డ్యూటీ. మూడు వారాలు పుస్తకం ముట్టలేదు, రెండు క్లాసులు క్యాన్సిల్ చేసింది, నాకు చెప్పడానికి సిగ్గుపడి ఫోన్ ఎత్తలేదు. ఈ తప్పులో ఎక్కువ భాగం నాది. సెకన్లు లెక్కపెట్టిన నేను ఆమె డ్యూటీ చార్టు ఒక్కసారి కూడా అడగలేదు. పెద్ద బ్యాచ్‌కు ఉన్న నిజమైన లాభం నేను తక్కువ చేసి చూశాను: ఫలానా రోజు ఫలానా టైముకు అక్కడ 23 మంది కూర్చుని ఉంటారు, మనం కనిపించకపోతే వెనకబడతాం అనే భయం ఉంటుంది. ఒంటరిగా చదివేవాళ్ళకు ఆ తాడు ఉండదు. కొందరికి ఆ తాడుకే 48,000 పెట్టడం సబబు కావచ్చు, నేను కాదనను. ఈమె విషయంలో మాత్రం బ్యాచ్ టైము సాయంత్రం ఏడు, నైట్ డ్యూటీ రాత్రి ఎనిమిదికి. ఆ మూడు వారాలూ అక్కడా పోయేవే.

నరసన్నపేట వెళ్ళి వాళ్ళింట్లో కూర్చుని మాట్లాడాను. తల్లి చెప్పింది దారి: "డ్యూటీ నుంచి పొద్దున్న ఎనిమిదిన్నరకి వస్తాది, టిఫిన్ తిన్నాక గాని పడుకోదు. ఆ అరగంట ఫోన్ చూస్తాది." సరే, ఆ అరగంట తీసుకున్నాం. తండ్రికి జపనీస్ ఒక్క అక్షరం రాదు, అందుకని అట్టముక్కలు కోయించి, ఒక వైపు జపనీస్, రెండో వైపు తెలుగులో ఉచ్చారణా అర్థమూ రాయించాను. ఆయన జపనీస్ వైపు కూతురికి చూపించి, వెనక తెలుగు తాను చూసుకుంటూ సరిచూసేవారు. పాత జాకెట్టు ముక్కలతో రెండు సంచులు కుట్టారు, ఒకటి వచ్చిన కార్డులకు, ఒకటి రానివాటికి. "ఎవలు చెప్పినా చెప్పకపోయినా రోజూ ఇరవై అడుగుతాను మేస్టారూ" అన్నారు, అడిగారు కూడా. నేను జూన్‌లో వెళ్ళినప్పుడు కుట్టుమిషన్ పక్కన నిలబడి, పళ్ళ మధ్య సూదితో, "కుసురి?" అని అడుగుతున్నారు. అమ్మాయి చట్నీ వేసుకుంటూ "మందు" అంది.

ఏప్రిల్ నుంచి జూలై ఆఖరుదాకా వారానికొకటి చొప్పున 17 క్లాసులు. ఆగస్టు మొదట్లో జేఎఫ్‌టీ బేసిక్ రాసింది. 181. జేఎఫ్‌టీయే ఎందుకంటే, జేఎల్‌పీటీ మన దగ్గర జూలైలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి, అంతే. ఒకటి తప్పితే ఆరు నెలలు ఆగాలి. జేఎఫ్‌టీ కంప్యూటర్ మీద ఏడాదిలో చాలాసార్లు పెడతారు, గంటలో అయిపోతుంది.

181 చూసి ఇంట్లో ఏడుపులు. నేను రిజల్టు కాగితం కంటే ఆమె చెప్పింది ఎక్కువ విన్నాను: చదవడంలో ఇబ్బంది రాలేదు, వినడంలో మాటలు దొర్లిపోయాయి అంది. టీచరమ్మ క్లాసుల రికార్డింగులు నాలుగు విన్నాను. ఆమె ప్రేమకొద్దీ నెమ్మదిగా, ప్రతి అచ్చూ విడివిడిగా పలుకుతున్నారు. అసలు జపనీస్‌లో "దెసు" నోట్లోంచి వచ్చేసరికి "దెస్" అవుతుంది, "సుకి" "స్కి" అవుతుంది. మన పిల్లలు రాసినట్టే వినబడుతుందని ఎదురుచూస్తారు, అక్కడ బోల్తా పడతారు. టీచరమ్మకు చెప్తే ఆమె ఏమీ అనుకోలేదు, ఆ రోజునుంచి మామూలు వేగంతోనే మాట్లాడారు. కేర్ హోమ్‌లో జరిగే మాటలే ఆడించారు: ఎక్కడ నొప్పి, అన్నం తిన్నారా, మందు వేసుకున్నారా, కొంచెం తిని చూడండి. ఆగస్టు, అక్టోబర్ మధ్య పది వారాలు వారానికి రెండేసి, 20 క్లాసులు. అక్టోబర్ ఆఖర్లో రెండోసారి రాసింది. 214.

ఖర్చు పుస్తకం నా దగ్గర కాపీ ఉంది. 12, 17, 20 కలిపి 49 క్లాసులు, 600 చొప్పున 29,400. అట్టలు, నోటుబుక్కులు, ప్రింట్లు 1,150. పరీక్ష ఫీజులు, ప్రయాణాలు ఎక్కడ చదివినా తప్పవు కాబట్టి అవి ఈ లెక్కలో వేయలేదు. క్లాసుకు 20 నిమిషాలు లెక్కేసుకున్నా ఆమె మాట్లాడింది 16 గంటల పైమాటే. ఆ డబ్బు నెలనెలా ఆమె జీతంలోంచే కట్టింది, గొలుసు బీరువాలోంచి కదల్లేదు.

ఈఎంఐ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు గొలుసు లేకపోయినా పర్లేదు, వడ్డీ లేని ఈఎంఐ ఉంది అని వాళ్ళు తండ్రికి ఫారం పంపారు. చదివితే అది సంస్థకు కట్టే వాయిదా కాదు, వేరే ఫైనాన్స్ కంపెనీ దగ్గర ఆయన పేరు మీద తీసుకునే అప్పు. క్లాసు మానేసినా, సంస్థ మూతపడినా కంతు ఆగదు. కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వబడదని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఇలాంటి ఫారం మీ ఇంటికి వస్తే సంతకం పెట్టకముందు అప్పు ఇచ్చేది ఎవరో ఆ పేరు వెతకండి.

డబ్బు పెట్టమని నేనే చెప్పిన కేసులూ ఉన్నాయి. రాజాం నుంచి ఒకావిడ, భర్త జపాన్‌లో ఉద్యోగం, మూడు నెలల్లో పిల్లాడితో వెళ్ళాలి, పరీక్ష అవసరం లేదు, అంగట్లో, బడిలో మాట్లాడాలి. ఆరుగురి చిన్న బ్యాచ్‌లో 15,000 కట్టింది, ప్రతి రూపాయీ పనికొచ్చింది. బొబ్బిలి నుంచి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు అనిమే (జపాన్ కార్టూన్లు) ఇష్టంతో 60,000 కోర్సు అడిగాడు. హిరగానా నేర్చుకుని రా, మాట్లాడదాం అన్నాను. ఇంతవరకు రాలేదు. వస్తే తప్పకుండా మాట్లాడతాను.

మన నరసన్నపేట అమ్మాయి 2025 మొదట్లో స్కిల్ టెస్టు, కైగో భాషా టెస్టు రెండూ పాసై, వేసవి వెళ్ళాక జపాన్ వెళ్ళింది, కేర్ హోమ్‌లో ఉంది. కిందటి నెల వాయిస్ మెసేజ్ పెట్టింది. అక్కడ ఎన్3కు ఒక ఆన్‌లైన్ టీచరు దొరికారట, డెమో క్లాసు అయిందట, గంటకు మన డబ్బులో 1,100, కట్టాలా వద్దా అని. నేను జవాబు ఇచ్చేలోపు రెండో మెసేజ్ వచ్చింది: "స్టాప్‌వాచ్ పెట్టాను మేస్టారూ. గంటలో ఇరవై ఆరు నిమిషాలు నేనే మాట్లాడాను. కట్టేశాను."